గణితం పేపర్: కాన్ఫరెన్స్ అయ్యాక ఎక్కడికి పంపాలి?

చలికాలం వచ్చిందంటే గణితం కాన్ఫరెన్సులు ఒకదాని వెంట ఒకటి మొదలవుతాయి. నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీ నుంచి, పాలమూరు యూనివర్సిటీ నుంచి స్కాలర్లు, మిర్యాలగూడ, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు డిగ్రీ కాలేజీల నుంచి లెక్చరర్లు హైదరాబాద్‌కో వరంగల్‌కో బెంగళూరుకో వెళ్తారు. పది పదిహేను నిమిషాలు పేపర్ చదివి, సర్టిఫికెట్ పట్టుకుని తిరిగొస్తారు. అసలు టెన్షన్ ఇంటికొచ్చాక మొదలవుతుంది. పూర్తి పేపర్ పంపితే ప్రొసీడింగ్స్‌లో, అంటే కాన్ఫరెన్స్ పేపర్ల సంపుటిలో, వేస్తామని, గడువు దగ్గర పడిందని నిర్వాహకుల మెయిల్ వస్తుంది. గైడ్ మంచి జర్నల్‌కు పంపమంటారు. ఇంతలో తోటి స్కాలర్ వాట్సాప్‌లో ఒక లింకు పెడతాడు: నెలలో వచ్చేస్తుందట, ఫీజు మాత్రం కాస్త ఎక్కువట.

నా మాట ముందే చెప్పేస్తాను. గణితంలో మంచి ఫలితం చివరికి చేరాల్సింది జర్నల్‌కే. కంప్యూటర్ సైన్స్‌లో పెద్ద కాన్ఫరెన్స్‌లో పేపర్ వచ్చిందంటే అదే గొప్ప. మన దగ్గర కాన్ఫరెన్స్ అంటే పదిమందికీ చెప్పుకుని, ప్రశ్నలు వేయించుకునే చోటు. నిరూపణను వరస వరసా చదివి సరిచూసే పని జర్నల్ రిఫరీది, అంటే సంపాదకుడు పేపర్ పరిశీలనకు ఇచ్చే నిపుణుడిది. అందుకే మీ దగ్గరున్న పూర్తి నిరూపణను తొందరపడి ప్రొసీడింగ్స్‌కు ఇచ్చేయకండి. అలాగని అందరూ ఒకే జర్నల్ వెంట పడాలనీ కాదు. థీసిస్ ఇవ్వాల్సిన స్కాలర్‌కు, ప్రమోషన్ ఫైలు కదపాల్సిన లెక్చరర్‌కు ఒకే సలహా కుదరదు.

## ముందు ఇవి చూసుకోండి

### ఇప్పటికే ఏం అచ్చయింది?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. చాలామంది దీన్ని చివర్లో అడుగుతారు.

కాన్ఫరెన్స్‌లో మాట్లాడటం ప్రచురణ కాదు. సావనీర్‌లో అర పేజీ సారాంశం వచ్చినా దాదాపు ఏ గణితం జర్నలూ అభ్యంతరం చెప్పదు. ఆ తర్వాతి మెట్టు నాలుగైదు పేజీల విస్తృత సారాంశం. కాంబినటోరిక్స్‌లో యూరోకాంబ్ లాంటి కాన్ఫరెన్సుల్లో ఇది మామూలే: ఫలితం ప్రకటించి, నిరూపణ ఎలా సాగుతుందో రేఖామాత్రంగా చూపించి వదిలేస్తారు, పూర్తి పేపర్ జర్నల్‌కు వెళ్తుంది. మూడో మెట్టు దగ్గరే చిక్కు. పూర్తి నిరూపణలతో, ఐఎస్‌బీఎన్ (పుస్తకం నంబరు)తోనో డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత డిజిటల్ నంబరు)తోనో పేపర్ అచ్చయిందంటే అది ప్రచురితమైన పేపరే. దాన్నే పేరు మార్చి జర్నల్‌కు పంపితే పునఃప్రచురణ అవుతుంది. ఎవరి పేపర్ అయినా, మీ సొంతదైనా, తేడా లేదు. ముందు అచ్చయిన సొంత రాతను చెప్పకుండా మళ్లీ వాడుకోవడం తప్పేనని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2020 ఏప్రిల్‌లో ప్రత్యేకంగా ప్రకటన ఇచ్చింది.

రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర ఇచ్చే కిట్ ఒకసారి తెరిచి చూడండి. ఫైలు, పెన్ను, బ్యాడ్జి, భోజనం కూపన్, వాటి మధ్య మడతపెట్టిన ఒక కాగితం. కొన్నిచోట్ల ఆ కాగితమే కాపీరైట్ ఫారం. వెనక క్యూలో జనం ఉంటారు, కౌంటర్‌లో కూర్చున్న విద్యార్థి "ఇక్కడ సంతకం పెట్టండి సార్" అంటాడు, పెట్టేస్తాం. పేపర్ హక్కులన్నీ ప్రచురణ సంస్థకు ఇచ్చేస్తున్నట్టు అందులో ఉంటే, తర్వాత అందులోని బొమ్మ వాడుకోవాలన్నా వాళ్ల అనుమతి అడగాలి. అక్కడికక్కడ చదవడం కుదరకపోతే "ఇంటికెళ్లి పంపుతాను" అనండి. ఎవరూ ఏమీ అనుకోరు.

### ఎంత సమయం ఉంది?

గణితం రివ్యూ నెమ్మది. రిఫరీ మీ లెమ్మాను కాగితం మీద మళ్లీ వేసుకుని చూడాలి, ఆయనకు పాఠాలు, పరీక్షల పని ఉంటాయి. మంచి జర్నల్‌లో మొదటి నిర్ణయానికే ఆరు నెలలు పట్టడం సాధారణం, ఏడాది దాటడం వింతేమీ కాదు. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ తన నోటీసెస్ పత్రికలో కొన్ని గణిత జర్నల్స్‌లో ఎంత ఆలస్యం అవుతోందో బ్యాక్‌లాగ్ నివేదికగా ఇస్తూ వచ్చింది. మీ జర్నల్ అందులో ఉంటే, పంపే ముందు చూస్తే క్యూ ఎంత పొడుగుందో ఒక అంచనా వస్తుంది.

### ఎవరు లెక్క వేస్తారు?

పీహెచ్‌డీ స్కాలర్ల విషయంలో యూజీసీ 2022 నిబంధనలు, థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ ప్రచురించి తీరాలన్న పాత షరతును తీసేశాయి. 2016 నిబంధనల్లో ఒక రిఫరీడ్ జర్నల్ పేపరూ, రెండు కాన్ఫరెన్స్ ప్రెజెంటేషన్లూ తప్పనిసరిగా ఉండేవి. అయితే యూనివర్సిటీ తన సొంత షరతు పెట్టుకోవచ్చు. మీరు చేరిన సంవత్సరం బట్టి మీకు ఏది వర్తిస్తుందో రీసెర్చ్ సెక్షన్‌లో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. సీనియర్ చెప్పిన మాట మీద నడవొద్దు. సీనియర్ బ్యాచ్ నిబంధన వేరే అయి ఉండొచ్చు.

"యూజీసీ కేర్‌లో ఉందా?" అన్న ప్రశ్న ఇంకా వినిపిస్తూనే ఉంది. కేర్ అంటే యూజీసీ ఆమోదించిన జర్నల్స్ జాబితా. 2019లో మొదలైన ఆ జాబితాను యూజీసీ నిలిపేసింది, 2025 ఫిబ్రవరిలో ఆ ప్రకటన వచ్చింది. జర్నల్ మంచిదా కాదా తేల్చుకోవడానికి కొన్ని సూచనలు ఇచ్చి, బాధ్యతను యూనివర్సిటీలకు వదిలింది. ఇప్పటికీ బ్రోచర్ మీద కేర్ పేరు వేసుకుని పేపర్లు పిలిచేవాళ్లను అనుమానించాల్సిందే.

లెక్చరర్లకు ప్రమోషన్ లెక్క, నియామకాల మీద యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల పట్టికలో ఉంది. సైన్స్ విభాగంలో జర్నల్ పేపర్‌కు 8 పాయింట్లు. దానిమీద ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె) లేని రిఫరీడ్ జర్నల్‌కు 5, ఫ్యాక్టర్ 1 లోపు ఉంటే 10, 1 నుంచి 2 మధ్య ఉంటే 15 చొప్పున పెరుగుతాయి. ఇద్దరు రాస్తే చెరి 70 శాతం. ఇద్దరికి మించితే మొదటి లేదా కరస్పాండింగ్ రచయితకు 70, మిగతావాళ్లకు తలా 30 శాతం. ప్రెజెంటేషన్‌కు దేశంలో జరిగే అంతర్జాతీయ కాన్ఫరెన్స్ అయితే 5, జాతీయమైతే 3, రాష్ట్ర, యూనివర్సిటీ స్థాయి అయితే 2. ఇక్కడే చాలామంది గమనించని మెలిక ఉంది. చదివిన పేపరే ప్రొసీడింగ్స్‌లోనో సంకలన పుస్తకంలోనో వస్తే రెండూ కలిపి ఒక్కసారే లెక్కలోకి వస్తుంది. పైగా ప్రెజెంటేషన్లు, ఉపన్యాసాల పాయింట్లు మొత్తంలో 30 శాతం దాటకూడదు. పాయింట్ల కోసమే చూసినా, కాన్ఫరెన్స్‌లో చదివి జర్నల్‌కు పంపే దారే లాభం.

### ఖర్చు, పాఠకులు

ఖర్చు గురించి ఒక మాట చాలు: గణితంలో మంచి జర్నల్స్‌లో ఎక్కువ భాగం రచయిత దగ్గర పైసా తీసుకోవు. పాఠకుల సంగతీ అంతే సూటి. మీ రంగంలో పనిచేసే పదిమంది ఏ జర్నల్ తిరగేస్తారో మీ పేపర్ చివర రిఫరెన్సులే చెబుతాయి.

## ఒక్క చూపులో

| మార్గం | సరిచూసేది ఎవరు | పట్టే సమయం | ఖర్చు | మళ్లీ జర్నల్‌కు పంపొచ్చా |
|---|---|---|---|---|
| సావనీర్‌లో సారాంశం మాత్రమే | లోతుగా ఎవరూ చూడరు | కాన్ఫరెన్స్ రోజుకే | రిజిస్ట్రేషన్ ఫీజు | నిరభ్యంతరంగా |
| కాలేజీ వేసే ఐఎస్‌బీఎన్ సంపుటి | నిర్వాహక కమిటీ, పైపైన | కొన్ని వారాలు, నెలలు | ఫీజులో కలిపో, విడిగానో | పూర్తి పేపర్ ఇస్తే కష్టం |
| పెద్ద సంస్థ ప్రొసీడింగ్స్ | కాన్ఫరెన్స్‌ను బట్టి మారుతుంది | ఆరు నెలలు, ఆపైన | తరచూ పేపర్‌కు ఇంత అని | గణనీయంగా కొత్తది చేర్చి, ముందే చెప్పి |
| జర్నల్ ప్రత్యేక సంచిక | అతిథి సంపాదకులు, రిఫరీలు | మామూలు కన్నా కొంచెం త్వరగా | జర్నల్‌ను బట్టి | అదే జర్నల్ పేపర్ |
| ఫీజు లేని జర్నల్ | రంగంలోని రిఫరీలు | ఆరు నెలల నుంచి ఏడాదిన్నర | లేదు | అదే జర్నల్ పేపర్ |
| ఫీజుతో ఓపెన్ యాక్సెస్ | మంచి చోట రిఫరీలు, చెడ్డ చోట ఎవరూ లేరు | వారాల నుంచి నెలలు | వేలు, లక్షల్లో కూడా | అదే జర్నల్ పేపర్ |

## ఒక్కో దారి సంగతి

కాలేజీ వేసే ఐఎస్‌బీఎన్ సంపుటి. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికి ఒక నంబరు, అంతే. నాణ్యతకు ముద్ర కాదు. ఈ సంపుటాలు ఎక్కువగా ఆ కాలేజీ లైబ్రరీలో, రచయితల ఇళ్లల్లో ఉంటాయి. బోధన గురించి, గణిత చరిత్ర గురించి, విద్యార్థులతో చేసిన చిన్న ప్రాజెక్టు గురించి రాసినవి ఇక్కడ ఇవ్వడంలో తప్పు లేదు. కొత్త థీరమ్ ఉన్న పేపర్ మాత్రం ఇవ్వొద్దు. నిర్వాహకులు మొహమాట పెడితే సారాంశం ఇచ్చి, పూర్తి పేపర్ జర్నల్‌లో పరిశీలనలో ఉందని చెప్పండి.

పెద్ద సంస్థల ప్రొసీడింగ్స్. స్ప్రింగర్ వాళ్ల గణితం, స్టాటిస్టిక్స్ ప్రొసీడింగ్స్ వరస, అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ వాళ్ల ఏఐపీ కాన్ఫరెన్స్ ప్రొసీడింగ్స్, ఐఓపీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్) వాళ్ల జర్నల్ ఆఫ్ ఫిజిక్స్ కాన్ఫరెన్స్ సిరీస్ మన ఇంజినీరింగ్ కాలేజీల బ్రోచర్లలో తరచూ కనిపిస్తాయి. పరిశోధన పేపర్ల పెద్ద డేటాబేస్ స్కోపస్‌లో ఉంటాయి కాబట్టి ఆకర్షణ ఎక్కువ. అయితే వీటిలో రివ్యూ నాణ్యత ప్రచురణ సంస్థ చేతిలో కన్నా ఆ కాన్ఫరెన్స్ నిర్వాహకుల చేతిలో ఎక్కువ ఉంటుంది. 2022లో ఐఓపీ సంస్థ రివ్యూ సరిగా జరగలేదనే అనుమానంతో కాన్ఫరెన్స్ సంపుటాల నుంచి వందల పేపర్లను ఉపసంహరించింది. ఆ జాబితాల్లో పేరు పడ్డవాళ్లందరూ తప్పు చేసినవాళ్లే అయి ఉండరు, కానీ పేపర్ పక్కన ఆ ముద్ర ఉండిపోతుంది. ఫ్లూయిడ్ డైనమిక్స్ వాళ్లకు ఈ దారి కొంత పనికొస్తుంది. ఆల్జీబ్రా, నంబర్ థియరీ, టోపాలజీ వాళ్లకు ఫిజిక్స్ సంపుటంలో పేపర్ వేసుకుంటే చదివేవాడే దొరకడు.

జర్నల్ ప్రత్యేక సంచిక. "ఎంపిక చేసిన పేపర్లు స్కోపస్ జర్నల్‌లో ప్రచురిస్తాం" అని బ్రోచర్ మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. జర్నల్ పేరు మాత్రం ఉండదు. నిర్వాహకులకు మెయిల్ రాసి ఇవి అడగండి: జర్నల్ పేరేమిటి? ఆ ప్రత్యేక సంచిక ప్రకటన జర్నల్ సొంత సైట్‌లో ఉందా? రివ్యూ విడిగా జరుగుతుందా? ఫీజు ఎవరు కడతారు? ఎంపిక కాకపోతే పేపర్ ఏమవుతుంది, నేను అడగకుండానే ప్రొసీడింగ్స్‌లో పడుతుందా? చివరి ప్రశ్నకు జవాబు తప్పించుకుంటే పూర్తి పేపర్ పంపకండి. వీటన్నిటికీ సూటిగా జవాబు వస్తే మాత్రం ఇది మంచి అవకాశం. కాన్ఫరెన్స్‌లో మీ మాట విన్న మనిషే సంపాదకుడైతే పేపర్ విషయం ఆయనకు ముందే తెలిసి ఉంటుంది, సరైన రిఫరీ త్వరగా దొరుకుతాడు.

ఫీజు లేని జర్నల్స్. కొత్త ఫలితం ఉన్నవాళ్లకు నేను మొదట చూపించేది ఇదే.

మన దేశంలోనే మంచి ఇళ్లున్నాయి. ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ 1970 నుంచి తెస్తున్న ఇండియన్ జర్నల్ ఆఫ్ ప్యూర్ అండ్ అప్లైడ్ మ్యాథమెటిక్స్, బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తెచ్చే ప్రొసీడింగ్స్ మ్యాథమెటికల్ సైన్సెస్. రెండూ స్ప్రింగర్ ద్వారా వస్తాయి, మామూలు చందా దారిలో రచయితకు ఖర్చు లేదు. రెండోదాని పేరులో ప్రొసీడింగ్స్ ఉన్నా అది కాన్ఫరెన్స్ సంపుటి కాదు, పక్కా జర్నల్. కాలేజీలో స్క్రూటినీ చేసే క్లర్కు పేరు చూసి పక్కన పెట్టే ప్రమాదముంది కాబట్టి ఫైలుతో పాటు జర్నల్ పరిచయ పేజీ ప్రింటు జతచేయండి. నంబర్ థియరీ వాళ్లకు 1978లో ఆర్. బాలసుబ్రమణియన్, కె. రామచంద్ర మొదలుపెట్టిన హార్డీ రామానుజన్ జర్నల్ ఉంది, రచయితకూ పాఠకుడికీ ఉచితం. గ్రాఫ్‌ల వాళ్లకు ఎలక్ట్రానిక్ జర్నల్ ఆఫ్ కాంబినటోరిక్స్ ఉంది, అదీ రెండు వైపులా ఉచితమే. కాకపోతే అక్కడ పోటీ గట్టిది.

1907లో పుట్టిన ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ తెచ్చే జర్నల్ గురించి వేరే చెప్పాలి. రామానుజన్ మొదటి పేపర్, బెర్నౌలీ సంఖ్యల మీద రాసింది, 1911లో అచ్చయింది అందులోనే. రాత అర్థం కావట్లేదని, వివరణ చాలట్లేదని సంపాదకుడు ఎం.టి. నారాయణ అయ్యంగార్ ఆ పేపర్‌ను మూడుసార్లు తిప్పి పంపాకే అది అచ్చుకు వెళ్లింది. రిఫరీ రెండో విడత మార్పులు అడిగాడని దిగులుపడే స్కాలర్లకు ఈ సంగతి చెబుతుంటాను.

ఈ దారిలో కష్టం ఒక్కటే, వేచి ఉండటం. "ఆరు నెలలల్ల వస్తదా సార్?" అని అడిగితే, ఖాయంగా వస్తుందని ఎవరూ చెప్పలేరు. అందుకే పేపర్ పంపిన రోజే ఆర్కైవ్ (arXiv) సైట్‌లో ప్రీప్రింట్, అంటే అచ్చుకు ముందటి ప్రతి, పెట్టుకోవడం మంచిది. గణితం జర్నల్స్ చాలావరకు దీనికి ఒప్పుకుంటాయి. 1991 నుంచి నడుస్తున్న ఆ సైట్‌లో తేదీతో సహా మీ ఫలితం నమోదవుతుంది, రేపు ఇంకొకరు అదే నిరూపిస్తే మీది ముందని చూపించొచ్చు. మొదటిసారి పెట్టేవాళ్లకు ఆ రంగంలో ఇప్పటికే అక్కడ రాసినవాళ్ల ఎండార్స్‌మెంట్ (హామీ) అవసరం పడవచ్చు. మీ గైడ్‌ను గానీ, కాన్ఫరెన్స్‌లో పరిచయమైన ప్రొఫెసర్‌ను గానీ అడగండి. ప్రమోషన్ లెక్కలో ప్రీప్రింట్‌కు విలువ లేదు, అది గుర్తుంచుకోండి.

ఫీజుతో ఓపెన్ యాక్సెస్. పాఠకుడికి ఉచితం, ఖర్చు రచయితది. ఫీజు తీసుకున్నంత మాత్రాన మోసం కాదు. గట్టి రివ్యూ చేసి, ఆమోదం తర్వాతే ఫీజు అడిగే జర్నల్స్ ఉన్నాయి. కానీ గణితంలో ఉచితంగా వేసే మంచి జర్నల్స్ ఇన్ని ఉండగా, ఫెలోషిప్ మీద బతికే స్కాలర్ అప్పు చేసి ఫీజు కట్టాల్సిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు. వారంలో ఆమోదం, రిఫరీ రిపోర్టులో "గుడ్ వర్క్" అని ఒక్క వాక్యం, ఫీజు ఒక వ్యక్తి పేరు మీదున్న ఫోన్‌పే నంబరుకు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా వెనక్కి రండి. అసలు జర్నల్ పేరు, ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రిక నంబరు) రెండూ కాపీ కొట్టి నడిపే నకిలీ సైట్లు కూడా ఉన్నాయి. అందుకే జర్నల్ సైట్‌కు వాట్సాప్ లింకు నుంచి కాకుండా స్కోపస్ సోర్సెస్ పేజీ నుంచో, క్లారివేట్ మాస్టర్ జర్నల్ లిస్ట్ నుంచో వెళ్లండి. రెండూ ఉచితంగానే తెరుచుకుంటాయి. గణితానికైతే ఇంకో గట్టి పరీక్ష ఉంది. 2021 నుంచి అందరికీ ఉచితమైన గణితం పేపర్ల డేటాబేస్ జెడ్‌బీమ్యాథ్ ఓపెన్‌లో ఆ జర్నల్ పేరు వెతకండి. కొన్నేళ్లుగా వస్తున్న గణితం జర్నల్ అక్కడ కనిపించలేదంటే ఎందుకు లేదో ఆలోచించాలి.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పెద్దగా ఉందని మురిసిపోవద్దు. గణితంలో చాలా గౌరవమైన జర్నల్స్‌కు కూడా అది 1 అటూ ఇటూగానే ఉంటుంది. సైటేషన్లను కృత్రిమంగా పెంచుకోవడం ఎంత ముదిరిందంటే, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్కలు ఇచ్చే క్లారివేట్ సంస్థ 2023లో తన అత్యధిక సైటేషన్ల పరిశోధకుల జాబితా నుంచి గణితం విభాగాన్నే తీసేసింది.

## మీరు ఎవరు?

థీసిస్ ఇవ్వడానికి ఏడాది లోపే ఉన్న స్కాలర్. మీ పనిని రెండుగా చూడండి. బలమైన అధ్యాయం నుంచి వచ్చిన పేపర్ ఫీజు లేని జర్నల్‌కు, వస్తే వచ్చినప్పుడు వస్తుంది. మరీ లోతు లేని, కానీ సరైన ఫలితం ఉన్న రెండో పేపర్ నిజమైన రివ్యూ ఉన్న ప్రత్యేక సంచికకో, త్వరగా నిర్ణయం చెప్పే మధ్యస్థాయి జర్నల్‌కో. యూనివర్సిటీకి ఆమోద లేఖ చాలా, అచ్చయిన పేపరే కావాలా అన్నది ముందే కనుక్కోండి. ఆ ఒక్క తేడాతో మీ ప్రణాళిక ఆరు నెలలు అటూ ఇటూ అవుతుంది.

ప్రమోషన్ ఫైలు పెట్టాల్సిన డిగ్రీ కాలేజీ లెక్చరర్. వారానికి నిండుగా క్లాసులు, పరీక్షల డ్యూటీలు, అడ్మిషన్ల పని. మీకు ఒక్క మంచి జర్నల్ పేపర్ మూడు సంపుటాల పేపర్ల కన్నా మేలు, పైన చెప్పిన పాయింట్ల లెక్క అదే చెబుతోంది. కలిసి రాస్తుంటే ఇద్దరికి మించకండి, మూడో పేరు చేరగానే ఎవరి వాటా ఎంత పడిపోతుందో పైన చూశారు కదా. ప్రభుత్వ కాలేజీ అయితే 2025 జనవరి నుంచి నడుస్తున్న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, అంటే కేంద్రం చందా కట్టి జర్నల్స్ చదవనిచ్చే పథకం, మీకూ వర్తిస్తుంది. 30 ప్రచురణ సంస్థల జర్నల్స్, దాదాపు 13,000, అందులో ఉన్నాయి. పంపాలనుకున్న జర్నల్‌లో ఈమధ్య వచ్చిన మూడు పేపర్లు తెరిచి చదవండి. మీ పేపర్ వాటి పక్కన కూర్చోగలదా అన్నది గంటలో తేలిపోతుంది.

బయట పోస్ట్‌డాక్, యూనివర్సిటీ ఉద్యోగం వైపు చూసే యువ పీహెచ్‌డీలు. ఐఎస్‌బీఎన్ సంపుటాలు, ఫీజు జర్నల్స్ మీ బయోడేటాలో బరువు పెంచవు, కొన్నిసార్లు తగ్గిస్తాయి. ఆగండి, ఆర్కైవ్‌లో పెట్టండి, మంచి జర్నల్‌కే పంపండి.

ఎమ్మెస్సీ విద్యార్థి. సారాంశం ఇచ్చి పేపర్ చదవండి, అంతే చాలు.

## కాన్ఫరెన్స్ పేపర్‌ను జర్నల్ పేపర్ చేయడం

కొందరు 30 శాతం కొత్తది చేరిస్తే సరిపోతుందంటారు. ఆ అంకె ఎక్కువగా ఇంజినీరింగ్, కంప్యూటర్ జర్నల్స్‌లో వినిపించేది. గణితం సంపాదకుడు శాతం లెక్కపెట్టడు, కొత్త థీరమ్ ఏదని అడుగుతాడు.

మన యూనివర్సిటీల్లో ఎక్కువమంది పనిచేసే స్ట్రెచింగ్ షీట్ ప్రవాహాన్నే, అంటే సాగుతున్న పలక మీది ద్రవ ప్రవాహాన్నే, తీసుకుందాం. కాన్ఫరెన్స్‌లో చదివిన పేపర్‌లో మ్యాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లోని బీవీపీ4సీతో వేసిన గ్రాఫులు, ఒక పట్టిక ఉంటాయి. జర్నల్ రిఫరీ మొదట అడిగేది, మీ కోడ్ సరైనదని ఎలా నమ్మాలి? 1970లో క్రేన్ ఇచ్చిన కచ్చితమైన పరిష్కారంతో పోల్చి చూపండి. మిగతా పరామితులన్నీ సున్నా చేస్తే పలక దగ్గర పరిమాణరహిత వేగ ప్రవణత మైనస్ 1 రావాలి. అయస్కాంత పరామితి చేరిస్తే ఒకటికి ఆ పరామితిని కలిపి వర్గమూలం తీసి మైనస్ పెట్టిన విలువ రావాలి, అంటే పరామితి 3 అయితే మైనస్ 2. మీ పట్టికలో ఆ వరస లేకపోతే రిఫరీ అక్కడే ఆగిపోతాడు. తర్వాత, శ్రింకింగ్ షీట్ (కుంచించుకునే పలక)లో రెండు పరిష్కారాలు వస్తున్నాయంటే ఏది స్థిరమో విశ్లేషించి చూపండి. ఇది నిజమైన చేర్పు. పాత సమీకరణానికి ఇంకో పరామితి తగిలించి, రంగురంగుల గ్రాఫులు పెంచడం చేర్పు కాదు. అలాంటి పేపర్లు చూసీ చూసీ సంపాదకులు విసిగిపోయి ఉన్నారు.

గ్రాఫ్ లేబులింగ్ (గ్రాఫ్ బిందువులకు, అంచులకు నియమం ప్రకారం అంకెలు ఇవ్వడం) వాళ్లకు వేరే జాగ్రత్త. కాన్ఫరెన్స్‌లో ఏవో రెండు మూడు గ్రాఫ్ కుటుంబాలకు లేబులింగ్ ఉందని చూపించి ఉంటారు. జర్నల్‌కు వెళ్లే ముందు ఎలక్ట్రానిక్ జర్నల్ ఆఫ్ కాంబినటోరిక్స్‌లో జోసెఫ్ గాలియన్ రాసి, ఎప్పటికప్పుడు పెంచుతూ వస్తున్న లేబులింగ్ సర్వేలో మీ ఫలితం ఇప్పటికే ఉందేమో వెతకండి. లేకపోతే, ఎప్పుడు కుదరదో కూడా నిరూపించండి. 1967లో రోసా, చక్రానికి గ్రేస్‌ఫుల్ అనే రకం లేబులింగ్ ఉండాలంటే దాని అంచుల సంఖ్యను 4తో భాగిస్తే శేషం 0 గానీ 3 గానీ రావాలని రెండు వైపులా తేల్చాడు. ఆ రెండో వైపు ఉండబట్టే అది ఇంకా నిలబడింది.

రాతలో మారాల్సింది ఇంకొకటి ఉంది. పరిచయం, నిర్వచనాల భాగాన్ని పాత పేపర్ నుంచి కాపీ చేయకుండా మళ్లీ రాయండి. రచనా చౌర్యం మీద యూజీసీ 2018లోనే తెచ్చిన వేరే నిబంధనల ప్రకారం పాత రాతలతో పోలిక 10 శాతం దాటితే చర్యల మొదటి మెట్టు మొదలవుతుంది, 40 దాటితే రెండోది, 60 దాటితే మూడోది. గణితంలో నిర్వచనాలు అందరికీ ఒకేలా ఉంటాయని సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. సమీకరణాలను వదిలేసి మాటలే పట్టుకుంటుంది.

జర్నల్ టెంప్లేట్‌లో లాటెక్ (గణితం టైప్‌సెట్ చేసే సాఫ్ట్‌వేర్)తో వేసుకోండి, వర్డ్ ఫైలు చాలాచోట్ల మొదటి మెట్టులోనే వెనక్కొస్తుంది. 2020 గణిత వర్గీకరణ సంఖ్య సరిగా ఇవ్వండి. లేబులింగ్‌కు 05సీ78, అయస్కాంత ప్రవాహాలకు 76డబ్ల్యూ05. సంపాదకుడు రిఫరీని వెతికేది దాని సాయంతోనే. కవర్ లెటర్‌లో కాన్ఫరెన్స్ పేరు, సంవత్సరం, అక్కడ ఏం అచ్చయింది, ఇందులో కొత్తగా ఏ ఏ థీరమ్‌లు ఉన్నాయి అన్నది నాలుగు వాక్యాల్లో చెప్పండి, అచ్చయినదుంటే దాని కాపీ జతచేయండి. దాచిపెట్టింది తర్వాత బయటపడితే పేపర్ పోతుంది, ముందే చెప్పింది ఎప్పుడూ సమస్య కాదు.

## పంపాక

ఒకసారి ఒక్క జర్నల్‌కే. రెండు జర్నల్స్‌కు పంపి ఎవరు ముందు ఒప్పుకుంటే వాళ్లకు ఇద్దామనుకునేవాళ్లు ఉన్నారు. రిఫరీల లోకం చిన్నది, రెండు జర్నల్స్ నుంచీ పేపర్ ఒకే మనిషి దగ్గరికి వెళ్లడం అరుదేమీ కాదు.

ఆరు నెలలు దాటినా కబురు లేకపోతే పేపర్ నంబరు రాసి, ఎక్కడిదాకా వచ్చిందో మర్యాదగా అడుగుతూ సంపాదకుడికి ఒక మెయిల్ పెట్టండి. చాలాసార్లు ఆ మెయిల్ తర్వాతే రిఫరీకి గుర్తు చేస్తారు. ఇంకా మూడు నాలుగు నెలలు చూసి, థీసిస్ గడువు మీద పడుతుంటే, పేపర్ ఉపసంహరించుకుంటున్నానని రాయండి. ఆ మెయిల్‌కు సంపాదకుడి నుంచి ఒప్పుకుంటూ జవాబు వచ్చాకే రెండో జర్నల్‌కు పంపండి.